వినని మైల

పోయిన వారం సుష్మితను ఒక మగ్గం పక్కన, కెమెరా ముందు, ఏడుపు రాక నిలబడిపోయిన చోట వదిలిపెట్టాం. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

గద్వాల నేతపనివాళ్ళ వీధిలో పుట్టిన సరోజే సినిమాల్లో సుష్మిత అయింది. ఆమె పదో తరగతిలో ఉండగా తల్లి అంజమ్మ నాగర్‌కర్నూల్ దవాఖానాలో కన్నుమూసింది. సరిగ్గా ఆ సమయానికి తండ్రి హన్మంతు మగ్గం మీద చౌడమ్మ చీర ఉంది. వీధి చివరి చౌడమ్మ గుడికి ఏటా ఒక ఇల్లు, వంతు ప్రకారం, చీర నేసి ఇవ్వాలి. చీర మగ్గం ఎక్కింది మొదలు దిగేదాకా నేసే మనిషికి ఒంటిపూట భోజనం, చాప మీద పడక. ఇంట్లో మైల రాకూడదు. వస్తే చీరను అక్కడికక్కడే కోసేయాలి. ఆ ఏడు అమ్మవారికి చీర లేనట్టే, వీధి మొత్తానికి కీడు మూడినట్టే.

అయితే వీధి పెద్దలు ఒక వెసులుబాటు కూడా పెట్టుకున్నారు. దూరాన ఎక్కడో చావు జరిగితే, కబురు చెవిన పడ్డాకే మైల మొదలవుతుంది. విననంతవరకు మైల లేదు. అందుకని మేనత్త బాలనాగమ్మ పిల్ల నోరు నొక్కింది. చీర దిగేదాకా సరోజ తండ్రి పక్కన కూర్చుని, అంచు పోగును అటూ ఇటూ నడిపే నాడె అందిస్తూ, అమ్మ బాగానే ఉందని చెబుతూ పోయింది. తల్లిని ఆమె పుట్టినూరు తెలకపల్లిలో దగ్గరుండి సాగనంపి వచ్చిన పిల్లకు మాత్రం మైల కాదా అని మీరు అడగవచ్చు. అప్పుడు ఎవరూ అడగలేదు. తలకు పోసుకుంది కదా, చాలు అనుకున్నారు. నేసేది మగవాడు కాబట్టి నియమాన్ని మగవాడితో సరిపెట్టారు.

ఆ తర్వాత మేనత్త చేతి దెబ్బలు, వనపర్తి హాస్టల్, అక్కడి నాటకాల పోటీలు, హైదరాబాదులో ఒక టీవీ సీరియల్లో పనిమనిషి వేషం, ఆపైన సినిమా. ఇవన్నీ మీకు తెలిసినవే. గ్లిజరిన్ సీసా మూత తీయకుండా ఏడ్చే హీరోయిన్ అని పేరు తెచ్చుకుంది. ఒక టీవీ ఇంటర్వ్యూలో ఈ చీర కథ చెప్పింది. విషయం విన్నాక నాన్న మగ్గం గుంటలోనే కుప్పకూలిపోయాడని చెప్పింది. రాష్ట్రమంతా కళ్ళు తుడుచుకుంది. అభిమానం అనేది ఒక్కోసారి ఒక్క రాత్రిలో వస్తుంది. ఆమెకు అట్లా వచ్చింది.

ఇప్పుడు ఆ కథనే సినిమాగా తీస్తున్నారు. ముప్పై దాటిన మనిషికి రెండు జడలు వేసి, లంగావోణీ కట్టి పదో తరగతి పిల్ల అంటున్నారు. సినిమావాళ్ళకు అది పెద్ద వింత కాదు. వింత ఏమిటంటే ఆమెకు ఏడుపు రావడం లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన నటుడు తండ్రి వేషంలో చక్కగా కుప్పకూలుతున్నాడు. ఆమె పొడి కళ్ళతో చూస్తూ నిలబడుతోంది. పొద్దుటి నుంచి ఇదే వరస. చివరికి దర్శకుడు శ్రవణ్ కుమార్ కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా అడిగాడు.

"మేడమ్, మీ నాన్నగారు ఆ మాట విన్న క్షణంలో ఆయన మొహం ఎలా ఉంది? అదొక్కటి గుర్తు తెచ్చుకోండి. మిగతాది అదే వస్తుంది."

సుష్మిత గుర్తు తెచ్చుకోబోయింది. అక్కడ ఏమీ లేదు. అక్కడే కదా ఆపాం.

* * *

సెట్టు వేసిన ఇంటికి, సొంత ఇంటికి మధ్య ఒక్క సందు. మేనేజర్ రాకేష్ కారు తెప్పిస్తానన్నాడు. వద్దని ఆమె జడలతోనే నడిచింది. సందులో ఆడవాళ్ళు అరుగుల మీద నుంచి లేచి ఫోన్లు ఎత్తారు. ఆమె నవ్వింది. ఆ నవ్వుకు పెద్ద శ్రమ అక్కర్లేదు, చాలా కాలంగా దానంతట అదే వస్తోంది.

ఆమెకు బాధగా లేదు. అదే ఆమెను భయపెడుతోంది. ఏడాదిగా ఇంతే. అవార్డు చేతికి వచ్చినా, కట్టుకుంటానన్న మనిషి వెళ్ళిపోయినా, అన్నం తిన్నా, తినకపోయినా ఒకేలా ఉంటోంది. దవాఖానాలో పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎట్లా ఉంటుందో ఒళ్ళంతా అట్లా ఉంది. ఒక్క నాన్న విషయంలో మాత్రం లోపల ఎక్కడో కాస్త వెచ్చగా ఉండేది. చిన్నప్పుడు ఆ మాటను తానొక్కతే మోసి నాన్నను కాపాడానన్న నమ్మకం అది. దాని మీదే ఆమె పేరు నిలబడింది, బతుకూ నిలబడింది. ఇప్పుడు ఆ నాన్న మొహమే గుర్తు రావడం లేదంటే, ఇక తనలో మిగిలింది ఏమిటో ఆమెకు తెలియడం లేదు.

ఈ ఏడు వంతు తిరిగి తిరిగి మళ్ళీ హన్మంతు ఇంటికే వచ్చింది. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. అరుగు మీద బాలనాగమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. డెబ్బై దాటింది. చెయ్యి మాత్రం ఇంకా చురుకే. ఆ చేతి చురుకు సుష్మిత వీపుకు బాగా తెలుసు.

"ఏందే గీ ఏషం? పెండ్లీడు దాటినంక రెండు జడలు," అంది మేనకోడలిని ఎగాదిగా చూసి.

"షూటింగ్ అత్తా."

"తెల్సులే. తిన్నవా? సద్దరొట్టె ఉంది."

"నాయినతోని మాట్లాడాలె."

"ఇప్పుడేం మాట? చీర మీదున్నడు. కొంగు కాడికొచ్చింది. రేపు దిగుతది. దిగినంక ఎంతసేపన్న మాట్లాడుకో."

"పాత ముచ్చటే అత్తా. నిన్నడిగినా ఐతది." సుష్మిత అరుగు అంచున కూర్చుంది. రాయి ఎండకు కాగి ఉంది. "అమ్మ పోయిందని నాయినకు నువ్వు చెప్పినవు గద, అప్పుడు ఆయన మొకం ఎట్లుండె?"

రాట్నం ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది.

"నేను చెప్పిన్నా?"

"ఆఁ."

"నేనెప్పుడు చెప్పిన? నువ్వే గద చెప్పినవ్!"

"నేను చెప్పలే అత్తా."

బాలనాగమ్మ కండె ఒళ్ళో పెట్టుకుంది. "చెప్పలేదా? చీర గుడికి పట్కపోయేటప్పుడు నీ చెవుల చెప్పి పోయిన గద, ఇగ చెప్పొచ్చని. నేను నైవేద్యం పెట్టి ఇంటికొచ్చేసరికి వాడు గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నువ్వు గడప మీద కూసున్నవ్. చెప్పినవనుకున్న."

"నాయిన నీ ఎంబడే గుడికి వచ్చిండు. నీకంటే ముందుగల తిరిగొచ్చి, నాతోని మాట్లాడకుంట పోయి పండుకున్నడు. గుడికాడ నువ్వు చెప్పినవనుకున్న."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్త కోడలు చెప్పిందనుకుంది, కోడలు అత్త చెప్పిందనుకుంది. అడిగితే పుండు రేగుతుందని ఎవరూ మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఇది ఇట్లాగే నడిచిపోయింది. ఇంటర్వ్యూలో చెప్పిన ఆ కుప్పకూలడం, గుంటలో పడిపోవడం, అంతా సుష్మిత సొంత కల్పన. ఎన్నిసార్లు చెప్పిందంటే, చివరికి తనే చూశాననుకుంది.

"అంటే నాయినకు..."

"ఏ, ఎవరు చెప్తే ఏంది!" బాలనాగమ్మకు కోపం వచ్చింది. తప్పు దొరికినప్పుడల్లా ఆమెకు కోపమే వస్తుంది. "వానికి చెప్పేదేంది? వానికి ముందే తెల్సు."

"ఏం తెల్సు?"

"నీ తల్లి పోయినట్టు. చీర మీదున్నప్పుడే తెల్సు. నువ్వు దవాఖాన నుంచి వచ్చిన మూడు నాలుగు దినాలకే తెల్సు."

"అబద్ధం."

"చౌడమ్మ మీద ఒట్టు. మీ మామ వచ్చిండు, తెలకపల్లి నుంచి. సీతారాములు. మొగుడు రాకపోతె మీ అమ్మకు కొరివి పెట్టింది వాడే గద. గుండుతోనే వచ్చిండు. బావకు చెప్పి తీస్కపోత, దినానికన్న రావాలె అని. గిదో, గీడ చేతులు అడ్డం పెట్టి ఆపిన నేను. వాడు నోరు తెరిస్తే చీర పోయినట్టే గద. నువ్వు నీళ్ళకు పోయినవ్. మీ నాయిన లోపల కిటికీల నుంచి సూసిండు. గుండు సూసిండు. నాడె ఆపిండు."

"ఆపి?"

"లేసొచ్చి కిటికీ మూసిండు. మల్ల పోయి కూసున్నడు."

సుష్మితకు కూర్చున్న చోట రాయి కాలుతోందని మాత్రం తెలుస్తోంది. లేచి నిలబడాలన్న ఆలోచన రాలేదు.

"మీ మామ ఒక్క మాట అన్నడు," బాలనాగమ్మ గొంతు తగ్గించింది. "'బావ సూసిండక్క. సూసి మూసిండు. ఇగ సాలు' అన్నడు. పోయిండు. మల్ల ఈ గడప తొక్కలే. ఆడ మీ నాయిన పేరెత్తితే కొట్టనీకొస్తరంట. నాకేం తెల్వదా? నేను పరేషాన్ కాలేదా? ఈ వీధిల బతకాలె గద మనం!"

ఫోన్ మోగింది. తెర మీద శ్రవణ్ కుమార్ పేరు. మోగి మోగి ఆగింది. సుష్మిత నీళ్ళ గోలెం దగ్గరికి వెళ్ళి, నియమం ప్రకారం కాళ్ళు కడుక్కుని, మగ్గం గదిలోకి వెళ్ళింది.

"పిల్లా, ఏం అడగకు! కొంగు మీదున్నడు!" అని వెనక నుంచి అత్త అరుస్తూనే ఉంది.

* * *

హన్మంతు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. కళ్ళద్దాల కాడకు దారం చుట్టి ఉంది. కూతురు కొన్న కొత్త అద్దాలు గూట్లో డబ్బాలోనే ఉన్నాయి. పైన ఆమె కట్టించిన అంతస్తులో ఏసీ గది కూడా అట్లాగే ఉంది. చీర ఒళ్ళు పసుపు నూలు, అంచు ఎర్ర పట్టు. నూలును, పట్టును కలిపే చోట పోగుకు పోగు ముడిపడాలి కాబట్టి అంచు దగ్గర ఇంకో చెయ్యి ఉంటే పని సాగుతుంది. ఈసారి ఎవరూ లేరు. అటూ ఇటూ వంగుతూ ఒక్కడే నేస్తున్నాడు.

సుష్మిత పాత చోటులో కూర్చుంది. చెయ్యి దానంతట అది అంచు నాడె అందుకుంది. తండ్రి ఆమెను చూసి కొద్దిగా జరిగాడు.

"షూటింగ్ ఐపోయిందా బిడ్డా?"

"లేదు నాయినా. ఏడుపొస్తలేదు."

"రాకుంటే ఊకో. దినాం ఏడ్సుడు ఒంటికి మంచిదా?"

కాసేపు నేశారు. ఆమె అందించింది, అతను తీసుకున్నాడు, అచ్చుతో పోగును దగ్గరికి కొట్టాడు. ఇంత తేలిగ్గా చెయ్యి కలుస్తుందని ఆమె అనుకోలేదు. ఇట్లాగే సాయంత్రం దాకా కూర్చుని, లేచి సెట్టుకు పోయి, కంట్లో గ్లిజరిన్ వేయించుకుంటే సరిపోతుందని కూడా అనిపించింది. ఎవరికీ నష్టం లేదు. సినిమా పూర్తవుతుంది, చీర దిగుతుంది.

"సీతారాములు మామ గుండు సూసినవంట," అంది.

నాడె ఇటు నుంచి అటు పోయింది. హన్మంతు దాన్ని పట్టుకుని, వెంటనే తిరిగి పంపలేదు.

"అక్క చెప్పిందా?"

"ఆఁ."

"సూసిన."

"మరి నన్నెందుకు అడిగినవ్ నాయినా?" ఆమె గొంతులో ఎత్తుపల్లాలు లేవు. బజారుకు పోయి ఏం తెచ్చావని అడిగినట్టుంది. "పొద్దుగాల అడిగితివి, పొద్దుమీకి అడిగితివి. అమ్మ తిన్నదా, అమ్మ లేసి కూసుంటుందా, డాక్టర్ ఏమన్నడు. తెల్సి అడిగినవా?"

హన్మంతు అంచును వేలితో నిమురుతూ కూర్చున్నాడు.

"నువ్వు తిన్నదంటుంటివి," అన్నాడు చివరికి. "నువ్వట్ల అంటే నాకు తిన్నట్టే ఉండె. ఒకనాడు ఇడ్లీ తిన్నది, చట్నీ వద్దన్నది అంటివి. అంజమ్మ చట్నీ తినదు గద. నాకు నిజమే అనిపించె."

చట్నీ మాట సుష్మితకు బాగా గుర్తుంది. అది ఆమె ఎంతో ఆలోచించి కలిపిన ముక్క. ఉత్త 'తిన్నది' అంటే నమ్మడేమోనని, వద్దన్నది కూడా ఒకటి చేర్చింది. నటనలో నిజం ఎట్లా పుడుతుందో చెప్పమని ఎవరైనా అడిగితే ఈ రోజుకీ ఆ చట్నీ సంగతే చెబుతుంది. చప్పట్లు కొడతారు. ఇన్నేళ్ళూ తాను నమ్మించాననుకున్న ఆ ఒక్క ప్రేక్షకుడికి అది నాటకమని ముందే తెలుసు.

"నాకు పదిహేనేండ్లు నాయినా," అంది. "నేను ఏడ్వలే. దవాఖానాల ఏడ్వలే, తెలకపల్లిల ఏడ్వలే, బస్సుల ఏడ్వలే. కండ్లు ఎర్రగైతే నువ్వు గుర్తుపడ్తవని అత్త చెప్పింది. గీడ నీ పక్కన కూసొని నవ్విన గూడ. నీకు తెల్సని నాకు తెల్సుంటే ఒక్కదినమన్న ఏడుస్తుంటి. ఒక్కదినం. ఇగ ఇప్పుడు వస్తలేదు. ఎంత పిల్సినా వస్తలేదు. నన్ను ఏం జేసినవో తెల్సా నువ్వు?"

ఇంత మాట ఆమె తండ్రిని ఎప్పుడూ అనలేదు. అన్నాక కోపమో, పశ్చాత్తాపమో వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ఎదుటి మనిషి మాత్రం చిన్నగా అయిపోయి కనిపించాడు.

"నిజమే బిడ్డా," అన్నాడు హన్మంతు. "జేసిన."

"ఎందుకు?"

"ఆ చీర మగ్గం ఎక్కేనాడు మొక్కుకున్న. ఇది దిగితే అంజమ్మ లేసి ఇంటికి రావాలె అని. గుండు సూసిన. కాని చెవుల పడలే గద, ఇంక కాలేదు అనుకున్న. దిగేదాక వినకుంటే, దిగినంక లేస్తదేమో అనుకున్న. పిచ్చోని లెక్క. నేను పిచ్చోన్నే అప్పుడు." కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "దిగింది. గుడికిచ్చొచ్చిన. ఇగ ఎవరన్న వచ్చి చెప్తరని ఆడ పండుకున్న. అక్క చెప్తదనుకున్న. నువ్వు చెప్తవనుకున్న. ఎవరు చెప్పకపోతిరి."

"అడగొచ్చు గద నాయినా."

"ఏమని అడగాలె?"

సుష్మిత అంచు దగ్గర వదులైన పోగు ఒకటి సరిచేసింది.

"తెల్లారె. మల్ల తెల్లారె. నువ్వు వనపర్తి పోతివి. నేను మైల నీళ్ళు పోసుకోలే. దినం చెయ్యలే. పెత్తరమాసకు పోయినోళ్ళకు బియ్యమిచ్చేటప్పుడు మా అమ్మ పేరు, నాయిన పేరు చెప్త. అంజమ్మ పేరు రాదు నోట్లకు. పోయిందని చెప్పిన మనిషే లేకపాయె, ఏమని ఇయ్యాలె? దాని ఫోటోకు దండ గూడ ఎయ్యలే."

దండ లేని ఆ ఫోటో గురించి సుష్మిత ఒక పత్రికకు చెప్పింది. నాన్న దృష్టిలో అమ్మ ఇంకా బతికే ఉంది అని వాళ్ళు పెద్ద అక్షరాలతో వేశారు. ప్రేమ గురించి నాలుగు మాటలు కూడా జోడించారు. అది ప్రేమ కాదని ఇప్పుడు కూడా చెప్పలేం. కానీ ఒక మనిషి ఏళ్ళ తరబడి చెవులు తెరుచుకుని, ఒక్క మాట కోసం ఇంట్లో తిరుగుతుంటే, ఆ ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళూ దాన్ని మొండితనం అనో, ప్రేమ అనో పేరు పెట్టి ఊరుకున్నారు. తలుచుకుంటే ఒళ్ళు జలదరించాలి. సుష్మితకు జలదరించలేదు.

హన్మంతు నాడెను చీర మీద పక్కకు పెట్టాడు.

"చెప్పు," అన్నాడు.

"ఏంది?"

"ఆ మాట. ఇప్పుడు చెప్పు."

"చీర మీదున్నవ్ నాయినా."

"అందుకే చెప్పు. ఆనాడు చీర ఉందని వినకపోతి. ఈపొద్దు చీర ఉండంగనే వింట."

గుమ్మంలో బాలనాగమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"హన్మంతూ, నీకు దండం పెడ్త! జానెడు కొంగు మిగిలింది. రేపు దిగుతది. దిగినంక ఏదన్న వినుకో, నేనే చెప్త. వీధోళ్ళు రేపు మేళంతోని వస్తరు. ఏం జూపిస్తవ్ వాళ్ళకు? మనల్ని బతకనిస్తరా?" తమ్ముడు తల తిప్పలేదు. ఆమె మేనకోడలి వైపు తిరిగింది. "పిల్లా, నోరు ముయ్. ఆనాడు మూసినవ్ గద. ఇంకొక్క దినం మూసుకో. నీ కాళ్ళు మొక్కుత."

సుష్మిత అత్తను చూసింది. ఆ మొహంలో ఉన్నది దుర్మార్గం కాదు, భయం. అప్పుడూ భయమే అయి ఉంటుంది. పదిహేనేళ్ళ పిల్లకు అది దుర్మార్గంలా కనబడింది. ఇప్పుడు తేడా తెలిసినా అత్త మీద జాలి పుట్టలేదు. ఒకవేళ ఇప్పుడు నోరు మూసుకుంటే ఇక ఎప్పటికీ తెరవలేనని మాత్రం అర్థమైంది. రేపు చీర దిగుతుంది, ఎల్లుండి సినిమా దిగుతుంది, అందరూ చేతులు దులుపుకుంటారు. నాన్న ఇంకో పెత్తరమాసకు అమ్మ పేరు లేకుండా బియ్యం ఇస్తాడు.

ఆమె తండ్రి వైపు జరిగి కూర్చుంది.

"నాయినా, అమ్మ సచ్చిపోయింది."

టీవీలో ఆమె 'అమ్మ ఇక లేదు' అంది. సినిమాలో డైలాగు 'అమ్మ మనల్ని వదిలి వెళ్ళిపోయింది నాన్నా'. ఇంటి మాటలో ఈ మూడు ముక్కలను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదని నోట్లోంచి బయటికి వచ్చాకే ఆమెకు తెలిసింది. గొంతు కూడా తనది కానట్టు, బొంగురుగా, చిన్నగా వచ్చింది.

గుమ్మంలో బాలనాగమ్మ రెండు చేతులతో నోరు కప్పుకుంది.

సుష్మిత తండ్రి మొహాన్నే చూస్తోంది. దర్శకుడు అడిగిన మొహం ఇదే. అతను కుప్పకూలలేదు. పెదవి వణకలేదు. దూరంగా ఎవరో పిలిస్తే విన్నట్టు తల ఒక పక్కకు వంచి, కాసేపు అట్లాగే ఉన్నాడు. కెమెరా ఉంటే ఏమీ జరగలేదనుకుని ఇంకోసారి తీసేవాళ్ళు.

"ఎప్పుడు?" అని అడిగాడు.

నిజం చెప్పాలంటే ఏళ్ళు లెక్కపెట్టాలి. ఆమె లెక్కపెట్టలేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఏది కావాలో అది ఇవ్వడం ఆమె చిన్నప్పుడే, ఇదే చోట నేర్చుకుంది.

"ఈపొద్దే నాయినా."

హన్మంతు తల ఊపాడు. మగ్గం మీద రెండు చేతులూ ఆనించి గుంటలోంచి పైకి లేచాడు. గూట్లోంచి కత్తెర తీశాడు. బాలనాగమ్మ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. అతను విసురుగా లాక్కోలేదు. ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి, పసుపు చీరను ఈ చివర నుంచి ఆ చివర దాకా కోశాడు. పోగులు తెగుతున్న చప్పుడుకు బాలనాగమ్మ అక్కడే నేల మీద చతికిలబడి, గుండె బాదుకుంటూ, "అంజమ్మా" అని పెద్దగా ఏడుపు అందుకుంది. ఇన్నేళ్ళలో ఆ పేరు పెట్టి ఆమె ఏడవడం అదే మొదటిసారి. ఆ కేకకు సందులో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరు పోయారని ఒకరినొకరు అడుగుతున్నారు.

హన్మంతు పెరట్లోకి పోయి గోలెంలో నీళ్ళు చెంబుతో ముంచి తల మీద పోసుకున్నాడు. ఆగకుండా పోసుకున్నాడు. బట్టలతోనే, తల నుంచి నీళ్ళు కారుతూ, వాకిట్లోకి వచ్చి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"బండి తెప్పీ బిడ్డా, జల్ది. తెలకపల్లికి పోవాలె. సీతారాములు ఒక్కడే ఉన్నడు ఆడ, పాపం. నేను రాంది పీనుగ ఎత్తొద్దని ఫోన్ జెయ్యి."

సుష్మిత అతని కళ్ళలోకి చూసింది. నటించే మనిషిని ఆమె ఎంత దూరం నుంచైనా పట్టేయగలదు. నాన్న నటించడం లేదు.